మగ్గం పక్కన కట్టిన పాట

గురువారం, ధర్మవరం. భోజనమయ్యాక.

పొద్దున హిందూపురం వెళ్లి, కంప్యూటర్లో స్వరాలు రాసి కట్టిన నా పాటను భజన బృందం పెద్ద నాగరాజుకు వినిపించాను. వయొలిన్, వేణువు, తప్పెట, మూడింటినీ కంప్యూటరే వాయిస్తుంది. పల్లవి అయ్యేలోపే అతను చెవులు మూసుకున్నాడు.

"ఏమన్నా, పాట యాడుండాది? తప్పెట ఒగటే ఇనబడతాండాది. దాన్ని తీసేయ్, శనివారం పాడతాం."

"తప్పెట తీస్తే అది జోలపాటప్పా. మీ జనం నిద్రపోతారు," అన్నాను.

బస్సులో పెనుకొండ దాకా అతన్ని తిట్టుకుంటూనే వచ్చాను. అక్కడ బస్టాండులో కాఫీ చల్లగా ఉంటే ఆ తప్పూ అతని మీదే వేశాను.

ఇంటికొచ్చి పాట మళ్లీ పెట్టాను. బాగానే ఉంది. ఇంతలో నా భార్య మగ్గం ఆపి మంచినీళ్లకు లేచింది. తప్పెట పిడుగులా పడింది! మగ్గం చప్పుడులోనే పెరిగిన చెవులు నావి. దాన్ని మించి వినబడాలని తప్పెట శబ్దాన్ని పెంచుకుంటూ పోయానన్నమాట.

"అయితే ఆయప్ప చెప్పింది నిజమే కదా?" అంది నా భార్య.

"సగమే. ఎక్కువైందనేది నిజం. తీసేయమనేది పొగరు."

మగ్గం ఆగి ఉండగానే, వేణువులో ఊపిరి కూడా వినబడేదాకా తప్పెటను తగ్గించాను. ఇక వెంట్రుకంత కూడా తగ్గించను. రేపు మళ్లీ వెళతాను. అప్పుడూ తీయమంటే పాటనే వెనక్కి తెచ్చేసుకుంటాను. శనివారం భజనలో నా పాట లేకపోతే... లేకపోనీ.