హెడర్ పేరు మరిచిన రూల్

మంగళవారం రాత్రి, హిందూపురం

ఆదివారం చర్చిలో అందరినీ మారమని గొంతు చించుకునేవాడా, నీ మేక్‌ఫైల్‌ను ఎప్పుడైనా పరీక్షించుకున్నావా?

ధర్మవరంలో లక్ష్మక్క మగ్గం మీద చీర అంచు డిజైన్ నడిపే సి ప్రోగ్రాం నాది. అంచు వెడల్పు పెంచమంటే నిన్న, కొలతలన్నీ ఉండే హెడర్ ఫైల్లో ఒక్క అంకె మార్చి, మారిన ఫైళ్లను మళ్లీ కంపైల్ చేసే మేక్ అనే ప్రోగ్రాం నడిపి పంపాను. ఈ పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"ఏమప్పా, అంచు పాతదే వస్తాండాది. జానెడు పట్టు పాడైపాయె!"

బస్సెక్కి పోయి, మగ్గంలోనే ఏదో తెగిందేమో అన్నాను. ఆమె నవ్వింది.

"ఆదివారమైతే మారండి మారండి అని మామీద అరుస్తావు. నువ్వు రాసింది మారిందేమో చూడప్పా ముందు!"

ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. మేక్ ఏది చూసి ఏది కంపైల్ చేయాలో చెప్పే ఆ మేక్‌ఫైల్‌లో, సి ఫైళ్లను ఆబ్జెక్ట్ ఫైళ్లుగా మార్చే ప్యాటర్న్ రూల్‌లో `%.o: %.c` అని మాత్రమే రాశాను. అందులో హెడర్ పేరు లేదు కాబట్టి, అది మారినా మేక్‌కు పట్టలేదు. చేయాల్సిందేమీ లేదని నిన్ననే తెరమీద చెప్పింది; నేను పంపింది పాత ప్రోగ్రామే. చదివి కూడా సంతోషించాను!

ఆ వరుస చివర హెడర్ పేరు చేర్చి మేక్ నడపగానే అన్నీ మళ్లీ కంపైల్ అయ్యాయి. మధ్యాహ్నానికి అంచు నిండుగా దిగింది. లక్ష్మక్క పెట్టిన రాగిసంకటి తిని, బస్సులో పాటలు పాడుకుంటూ వచ్చాను.

ఇప్పుడు బైబిల్ తెరిచి ఆదివారం ప్రసంగానికి వాక్యం వెతుకుతుంటే పెనుకొండ గుర్తొచ్చింది. నిన్న అక్కడ మగ్గం నేసే ఓబులేసన్నకూ ఆ ప్రోగ్రామే పంపాను. తెల్లారగానే ఆయన కొత్త చీర మొదలుపెడతాడు...

తప్పు ఒప్పుకోవడానికి రేపటిదాకా ఆగొద్దని చెప్పేది నువ్వే కదా. ఇంకా తొమ్మిది కాలేదు, ఆయన మేలుకునే ఉంటాడు. కలం పక్కన పెట్టి ఫోన్ చెయ్యి, ఇప్పుడే!