సగంలో ఆగిన చెయ్యి

నెట్‌వర్కు భద్రతాధికారి గారి సముఖమునకు,
సెల్లారులోని స్టోర్సు గుమాస్తా రాసుకున్న అర్జీ.

విషయం: తమ ఫైర్‌వాల్‌లో వీడియో కాల్ అప్లికేషన్‌ను 'వినోదం' పద్దు నుండి తొలగించుట, దానికి తగినంత బ్యాండ్‌విడ్త్ ఇప్పించుట మరియు నాపై గల అనుమానమును నివృత్తి చేసుకొనుట గురించి.

అయ్యా,

తమరు పంపిన సంజాయిషీ నోటీసు అందినది. "స్టోర్సు గదిలోని ఫోను నుండి ప్రతి మధ్యాహ్నం వీడియో కాల్ నడుచుచున్నది. అందు ధ్వని లేదు. మాట్లాడకుండా కాల్ చేయుటకు గల కారణం తెలుపవలెను" అని అందులో ఉన్నది. తెలుపుచున్నాను. చదివాక నమ్ముతారని నాకు నమ్మకం లేదు, అయినను రాయుచున్నాను.

1. ఆ కాల్ మా అక్కకు. ఆమెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. బడి మొహం చూడలేదు కనుక చదువూ రాదు. "మెసేజీ పెట్టుకోవచ్చు కదండీ" అన్నాడు నెట్‌వర్కు వైర్లు చూసే తమ వైరు మనిషి. చదవడం రాని మనిషికి మెసేజీ పెట్టడం లాంటి పనికి లోకంలో ఒక సామెత ఉంది, చెవిటివాడూ శంఖమూ అని. మా ఇంట్లో ఆ సామెత వాడం. మేము చేతులతో మాట్లాడుకుంటాం. ఆ సైగలు ఏ పుస్తకంలోనూ ఉండవు, చిన్నప్పుడు మేమిద్దరం కల్పించుకున్నవి. చేతులకు చప్పుడుండదు కాబట్టి ఫోనులో మైకు ఆపేసి ఉంచుతాను. గోడలకు చెవులుంటాయంటారు. తమ ఫైర్‌వాల్ గోడకు ఉన్నాయి, మా అక్కకు లేవు. ఇందులో ఇంతకు మించి కుట్ర లేదు.

2. సెల్లారులో ఫోను సిగ్నలు రాదు. ఆఫీసు వైఫై తప్ప గతి లేదు. పోయిన నెల తమరు అప్లికేషన్లన్నిటినీ పద్దులుగా విడదీసి, వీడియో కాల్‌ను ఆటలతో, సినిమాలతో కలిపి 'వినోదం'లో వేసి, ఆ పద్దుకు నూలుపోగంత బ్యాండ్‌విడ్త్ వదిలినారు. అప్పటి నుండి బొమ్మ వచ్చి వచ్చి ఆగిపోవుచున్నది.

3. ఈ నిబంధన అందరికీ ఒకటేనని తమరు అనవచ్చును. నాకు అనుమానమే. మేనేజరు గారి గదిలో సంతకం కోసం నిలబడినప్పుడు ఆయన కంప్యూటరులో బంతాట చూశాను. బంతి ఎక్కడా ఆగలేదు. ఇదేమిటని వైరు మనిషిని అడిగితే, "పైనుంచి చెప్తే తెరుస్తామండీ. మీ గురించి ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఎవరో చెప్పే ఉంటారు, కాకపోతే తెరవమని కాదు, మూయమని. లేకపోతే క్యాంటీనులో టీ పోసే ఆవిడ "స్టోర్సులో సరుకు ఎవరికో ఫోనులో చూపిస్తున్నావంట కదా అన్నయ్యా" అని నన్నెందుకు అడుగుతుంది? నిప్పు లేనిదే పొగ రాదు. ఫైర్‌వాల్ అని నిప్పుగోడ కట్టుకున్నది తమరే కదా.

4. అసలు సంగతి ఇది. మా సైగల్లో 'వద్దు' అంటే అరచెయ్యి ముందుకు చాపి ఆపడం. 'రా' అంటే అదే అరచెయ్యి ముందుకు చాపి గుండెల మీదికి లాక్కోవడం. మొదటి సగం రెంటికీ ఒకటే. పిల్లలం పెట్టుకున్న భాష, మధ్యలో ఒక గోడ లేస్తుందని మాకేం తెలుసు.

మొన్న మంగళవారం అక్కకు ఒంట్లో బాగాలేదు. మధ్యాహ్నం కాల్ చేసి "రానా?" అని అడిగాను. అరచెయ్యి చాపింది. బొమ్మ అక్కడే ఆగి, కాల్ తెగిపోయింది. వద్దంది కదా అని సాయంత్రం దాకా సరుకు సర్దుకుంటూ కూర్చున్నాను. ఇంటికి పోతే అక్క నేల మీద ఉంది. వాంతులతో సోలిపోయి, లేవలేక, వీధి తలుపు తీసి పెట్టుకుని నా కోసం చూస్తోంది. ఆస్పత్రిలో చేర్చాను. బతికింది.

బొమ్మ ఆగిపోయిందని చెప్పాను. నమ్మలేదు. ఎందుకంటే తన ఫోనులో తన బొమ్మ తనకు చక్కగానే కనిపించింది. చెయ్యి గుండెల మీదికి రావడం తన కళ్లతో తను చూసుకుంది. "చూశావు. చూసి రాలేదు" అంటుంది. వినపడని మనిషికి కళ్లను మించిన సాక్ష్యం ఏముంటుంది? నన్ను గోరుముద్దలు పెట్టి పెంచిన మనిషి ఇప్పుడు నేను చేతులెత్తితే ముఖం తిప్పుకుంటుంది. ఆమె ముఖం తిప్పుకుంటే నాకిక నోరు లేనట్టే. అయ్యా, నాకు నిద్ర పట్టడం లేదు.

5. కావున మధ్యాహ్న భోజన సమయమందు ఆ ఒక్క అప్లికేషన్‌కు, నా ఒక్క ఫోనుకు, చెయ్యి పూర్తిగా కదిలేంత బ్యాండ్‌విడ్త్ ఇప్పించవలెనని ప్రార్థన. సరుకు మీద అనుమానమైతే కాల్ జరిగేటప్పుడు ఎవరినైనా నా పక్కన కూర్చోబెట్టండి. వాళ్లకేమీ అర్థం కాదు గానీ చూడవచ్చు.

నమ్మి అయినా, నమ్మకుండా అయినా, చివరి అక్షరం దాకా చిత్తగించవలెను.

ఇట్లు,
అనుమానం తీరకపోయినా
తమ విధేయుడు,
స్టోర్సు గుమాస్తా

తా.క. నిన్న అక్క ముఖం తిప్పుకునేలోపు తమ గోడ సంగతి గబగబా చెప్పేశాను. ఆమె అందరికీ సైగపేర్లు పెడుతుంది. మేనేజరు గారి పేరు పొట్ట నిమురుకోవడం. తమకూ పెట్టింది: అరచెయ్యి ముందుకు చాపి అలాగే ఉంచడం. 'వద్దు' అనుకునేరు, నేనూ అలాగే అనుకున్నాను. కాదట. అది 'రా'నేనట, ఇంకా పూర్తి కాలేదట. అంటే నా మాట సగం నమ్మింది. మిగతా సగం తమ చేతిలో ఉంది.