బుగ్గల చేప దీపం

ఏమండీ,

బుజ్జిదానికి ఊపిరాడటం లేదు. మందు పీల్పించినా తగ్గలేదు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మీరు ఫోన్ బల్ల మీదే వదిలేసి వెళ్ళారు, అందుకే ఈ చీటీ.

రాగానే కిటికీలన్నీ తెరవండి. ఫ్యానుంది కదా అని బుజ్జిదాని మంచం పైన వార్నిష్ పూసి ఆరబెట్టిన ఆ ఎండుచేపల్లో బల్బులు పెట్టి మీరు చేసే దీపాలన్నీ బయట పడేయండి. వద్దని ఎంత మొత్తుకున్నా విన్నారా? మీ పుణ్యమా అని ఇల్లంతా సముద్రమైంది, పిల్లకి పీల్చుకోవడానికి గాలే కరువైంది.

అన్నం వండలేదు. వెంటనే ఆసుపత్రికి రండి.

బుగ్గలు ఉబ్బించిన ఆ చేప దీపం ఒక్కటీ పడేయకండి. దానికింకా వార్నిష్ పూయలేదుగా, తీసుకురండి. "దాని బుగ్గల నిండా గాలే కదమ్మా, నాకు కొంచెం ఇవ్వదా?" అని బుజ్జిది అడుగుతోంది.