వెనక సీటు సంగతి

ఊళ్లోని సమస్త మోటారు సైకిళ్లకూ కూర్చునే యోగ్యత కల్పిస్తున్న మా అమ్మగారికి, ఏకైక పుత్రుడు వంగి, వంగినంతసేపు నడుము పట్టేసినా సరే లెక్కచేయక, నమస్కరించి రాసుకునే మనవి. నేను క్షేమం. బండి క్షేమం. నాన్న, చెల్లి, నీ కుట్టుమిషను కూడా క్షేమమనే నమ్ముతున్నాను. సీటు క్షేమ సమాచారం కాస్త విస్తారమైనది కాబట్టి దాన్ని వెనక్కి జరిపాను. కంగారుపడి ఆఖరి పేజీకి దూకకు. వరసగా చదువు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నాన్న అడుగుతాడు. ఈ కొండల్లో సిగ్నల్ లేదని చెప్పు. అసలు కారణం నీకు మాత్రం చెబుతున్నాను: ఫోనులో నేను మొదటి మాట పూర్తి చేసేలోపు నువ్వు రెండో మాట అందుకుంటావు. ఉత్తరానికి అడ్డుపడటం నీవల్ల కూడా కాదు. నీ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు చేతికే దీన్నీ ఇస్తున్నాను. ఆదివారం సాయంత్రానికి షాపులో ఇస్తానన్నాడు. నేను సోమవారం మధ్యాహ్నానికి వస్తాను. మధ్యలో ఉన్న ఆ వ్యవధిని నీ కోపానికి కేటాయించాను. పొదుపుగా వాడుకో.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నావా అని అడిగావు. లాడ్జి నడిపే ఆవిడ నా మొహం చూసి ఏమనుకుందో ఏమో, పొద్దున్నే బ్రెడ్డుతో పాటు వద్దన్నా గుడ్లు వడ్డిస్తోంది. సన్నబడ్డానేమోనన్న నీ భయానికి నా బెల్టు సాక్ష్యం చెబుతుంది, కొత్త కన్నం పడింది, అదీ బయటివైపుకు.

తిన్నటి రోడ్డు ఉండగా ఈ కొండలన్నీ చుట్టి రావడం దేనికని అడిగావు. అమ్మా, పరీక్షలు అయిపోయాయి, గది ఖాళీ చేశాను, హైవే ఎక్కితే భోజనాల వేళకి ఇంట్లో ఉంటాను. ఆ తర్వాత బీమా కంపెనీ వాళ్ల ఆఫీసు, తొమ్మిదింటికి హాజరు, ఆదివారం మాత్రమే ఆకాశం. అందుకని మిగిలిన నాలుగు రోజుల ఆకాశాన్ని ఒకేసారి చూసేద్దామనుకున్నాను. మొదటిరోజు పొద్దుతిరుగుడు తోటల మధ్య నుంచి వచ్చాను. కనుచూపుమేరా పసుపు. నేను వెళ్లేసరికి చేనంతా నాకు వీపు చూపించి నిలబడి ఉంది. కాలేజీలో అమ్మాయిల దగ్గర అలవాటైన అనుభవమే కాబట్టి బాధ కలగలేదు. తర్వాత పెద్ద చెరువొకటి, దాని గట్టు మీదే రోడ్డు. గాలికి బండి పక్కకి జరుగుతుంటే నీళ్లు కూడా నాతో పాటే పరిగెడుతున్నట్టు అనిపించింది. కొండ మొదలయ్యాక యూకలిప్టస్ చెట్ల వాసన, మలుపు తిరిగితే మంచు, ఇంకో మలుపు తిరిగితే ఎండ. ఒకచోట వాగు రోడ్డుకు అడ్డంగా పారుతోంది. ఇంజను ఆపి కూర్చున్నాను. నాకు మాట్లాడాలనిపించలేదు. నువ్వు నమ్మవని తెలుసు, అయినా రాస్తున్నాను.

ఒంటరిగా భయం వెయ్యడం లేదా అన్నావు. హెల్మెట్ లోపల నాతో నేనే కబుర్లు చెప్పుకుంటున్నాను. వినేవాడు బుద్ధిమంతుడు, నా జోకులన్నిటికీ నవ్వుతున్నాడు.

ఇక నీ అసలు ప్రశ్న. కొత్త సీటు ఎలా ఉంది? వెనక ఎవరినైనా కూర్చోబెట్టావా? టూరిస్టులకు బళ్లు అద్దెకిచ్చే ఆయన ఈ సీటు చూసి ముచ్చటపడి ఇలాంటివే నలభై సీట్లు కుట్టమన్నాడనీ, రెక్సిన్ చుట్టలు దిగాయనీ, సోమవారం వాటి కోత మొదలనీ రాశావు. ఆ వాక్యం చదివి తింటున్న గుడ్డు పక్కన పెట్టేశాను.

ముందు సీటు గురించి ఫోనులో చెప్పింది అక్షరాలా నిజం, సింహాసనమే. వెనక సీటు మీద నిన్నటిదాకా నా బ్యాగు కూర్చుంది. బ్యాగు ఏ ఫిర్యాదూ చెయ్యలేదు.

నిన్న ఘాట్ రోడ్డు మొదట్లో ఒక పెద్దావిడ స్కూటరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పశువుల డాక్టరట. కొండ అవతల ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది, ఈవిడ స్కూటరు సరిగ్గా అప్పుడే మొండికేసింది. నేను బ్యాగు విప్పి ట్యాంకు మీద కట్టుకున్నాను. ఆవిడ మందుల సంచీతో వెనక ఎక్కింది. కొండ ఎక్కినంతసేపూ ఇద్దరం ఎంతో మర్యాదగా ప్రయాణం చేశాం. దిగడం మొదలయ్యాక ఆవిడ కొంచెం కొంచెంగా ముందుకు జారుతూ వచ్చింది. నేను బ్రేకు వేసినప్పుడల్లా ఇంకొంచెం. చివరికి నేను ట్యాంకు మీద, ఆవిడ నా సీట్లో. ఒక మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పుదామంటే నా మోచేతులకు చోటు లేదు. బండి తిన్నగా లోయ వైపు నడిచి, అంచున ఉన్న రాతి గోడను రాసుకుని ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇది రెండోసారి చదువు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆవిడ దిగి, సంచీ సర్దుకుని, గోడ అవతలికి ఒకసారి తొంగిచూసి వచ్చింది. “బాబూ, నేను సీటు మీద కూర్చోలేదు, నీ వీపు మీద కూర్చున్నాను. ఎవరు కుట్టారిది?” అంది.

“మా అమ్మ.”

“మీ అమ్మ ఎప్పుడైనా కొండ దిగిందా?”

అమ్మా, అక్కడే నిలబడి ఆలోచించాను. నువ్వు సీటు ఎలా పరీక్ష చేస్తావు? బండికి సెంటర్ స్టాండు వేసి, ముందు నాన్న, వెనక నువ్వు కూర్చుని, రెండుసార్లు ఎగిరి, దిగి, “పాస్” అంటావు. మన షాపు నేల అద్దంలా చదును. ఇన్నేళ్ల నుంచీ నీ సీట్లన్నీ ఆ నేల మీద పాసైనవే. పాత సీట్లకు ముందుకీ వెనక్కీ మధ్య ఒక మెట్టు ఉండేది, వాలులో వెనకవాళ్లను అదే ఆపేది. చూడ్డానికి నున్నగా ఉంటుందని ఈ కొత్తదానిలో ఆ మెట్టు తీసేశావు. చాలా అందంగా ఉంది. ఆ నలభై బళ్లూ ఎక్కేది కొండలే. వాటి మీద వెనక కూర్చునేది కొత్తగా పెళ్లయినవాళ్లు. మొదట్లో జారడం వాళ్లకు ఇష్టంగానే ఉంటుంది, మలుపు వచ్చేదాకా.

ఆవు, దూడ క్షేమం. దూడ నాకంటే ముందే లేచి నిలబడింది, నేను ఇంకా గడ్డివాము పక్కన కూర్చునే ఉన్నాను.

ఇప్పుడు నీళ్లు తాగి వచ్చి కూర్చో. రాయాల్సింది ఇక్కడి నుంచే.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఆసుపత్రిలో, ఆవుల్ని పరీక్షించే బల్ల పక్కన, నీ సీటు విప్పాను. నీ కుట్టు మీద బ్లేడు పెట్టాను. మన ఇంట్లో నాన్న కూడా ఇంతవరకు చెయ్యని సాహసం. ఎంత గట్టిగా కుట్టావంటే మొదటి వరస ఊడదీయడానికే వేళ్లు ఎర్రబడ్డాయి. వెనక అంచు నుంచి స్పాంజి పలచగా కోసి, ఆ ముక్కను వెనక సీటు ముందుభాగంలో పెట్టాను. మెట్టు కాదు, కంటికి కనపడనంత చిన్న గట్టు. పైన రెక్సిన్ మళ్లీ లాగి కుట్టాలి కదా, సూది ఏదీ? ఆవిడ పశువుల గాయాలు కుట్టే వంకర సూదీ దారమూ ఇచ్చింది. నేను కుడుతుంటే పక్కన కూర్చుని, “పేషెంటు అల్లరి చెయ్యడం లేదు, నీ అదృష్టం” అంది. మధ్యలో ఒకసారి, “ఈ పని నీకు ఎవరు నేర్పారు?” అని అడిగింది. ఎవరూ నేర్పలేదన్నాను. నీ మిషను పక్కన కూర్చుని హోంవర్క్ చేస్తున్నట్టు నటించినవాడికి వేరే నేర్పాలా?

పొద్దున్న ఆవిణ్ని ఎక్కించుకుని అదే వాలు, అదే మలుపు దిగాను. మా ఇద్దరి మధ్య చెయ్యి పట్టేంత గాలి ఉంది. దిగాక ఆవిడ సీటు తట్టి, “ఇప్పుడు ఇది నా సీటు” అంది. రేపు లాడ్జి ఆవిణ్ని కూర్చోబెట్టి ఇంకో ఘాట్ దిగుతాను. ఆవిడ బరువు గురించి రాయను, గుడ్లు ఆగిపోతాయి. సోమవారందాకా రాకపోవడానికి కారణం అదే.

నువ్వు నన్ను చదివించింది సూది పట్టుకోకుండా ఉండటానికే. నేను సూది ఎత్తినప్పుడల్లా చేతిలోంచి లాక్కుని పుస్తకం పెట్టావు. దాని మీద నాకేం ఫిర్యాదు లేదు, పుస్తకం వల్లే ఇంత పొడుగు ఉత్తరం రాయగలుగుతున్నాను. కానీ నిన్న రాత్రి ఆ ఆఖరి ముడి వేసినప్పుడు కలిగినంత సంతోషం నాకు ఆఖరి పరీక్ష రాసి బయటికి వచ్చినప్పుడు కూడా కలగలేదమ్మా. బీమా కంపెనీ వాళ్లకు ఇంకా సరేనని రాయలేదు. రాయకూడదని ఉంది. షాపులో నీ పక్కన కూర్చోవాలని ఉంది. జాలిపడి కాదు, నీకు ఓపిక తగ్గిందని కాదు. నాకు ఈ పని బాగా వస్తుందని నిన్ననే తెలిసింది, అందుకు.

సోమవారం కోత ఆపమని నిన్ను బతిమాలడం లేదు. నీ సీటు మీంచి ఎవరో జారతారని తెలిశాక నువ్వు ఎలాగూ ఆపుతావు. అద్దె బళ్లాయనకు నాన్న చేత కబురు పంపు, ఒక్కరోజు ఆలస్యమని.

నేను అడిగేది రెండోది. కొత్త కొలత ప్రకారం మొదటి సీటు ఎవరు కోస్తారు? నోటితో చెప్పనక్కర్లేదు, చెప్పడం మొదలుపెడితే నీకూ నాకూ రాత్రయిపోతుంది. నేను వచ్చేసరికి కత్తెర నీ చేతిలో ఉంటే, కొలతలు చెప్పేసి, బీమా కంపెనీకి సరేనని రాసి, తల దువ్వుకుని ఆఫీసుకు పోతాను, మొహం మాడ్చుకోను. నాకు ఇవ్వాలనిపిస్తే బల్ల మీద పెట్టు. పెట్టేటప్పుడు పిడి ఎడమవైపుకు ఉండేట్టు చూడు. నాది ఎడమచేతి వాటం. నీకు గుర్తుండకపోవచ్చు, నాకు నువ్వు ఇంతవరకు కత్తెర అందించలేదు కదా.

ఇట్లు,
వెనక సీటు బాధితుల తరఫునా, తన తరఫునా,
నీ కొడుకు