కుయ్‌మనే గ్లాసు

హెడ్మాస్టరు గారికి నమస్కారం.

సైన్సు ప్రదర్శనలో బడికి బహుమతి తెచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల తల్లిని. అది చేసిన గ్లాసుని మీ గదిలో అద్దాల బీరువాలో పెట్టారట, సంతోషం. కాకపోతే ఆ గ్లాసు మా అత్తగారిది.

ఆవిడకి చూపు లేదు. ఇదివరకు గ్లాసు లోపలి అంచుకి వేలు ఆనించి, వేడి తగలగానే పోయడం ఆపేవారు. వేళ్లు చురుక్కుమనడం చూడలేక మనవరాలు పాత బొమ్మలోని బజరు పీకి గ్లాసుకి బిగించింది. నిండబోతుంటే కుయ్‌మంటుంది. దానికి అలవాటుపడి ఆవిడ వేలు పెట్టడం మానేశారు.

ఒక్కరోజు ప్రదర్శనకని తీసుకున్నారు. తర్వాత పెద్దలెవరో చూడడానికి వస్తారన్నారు. పిల్ల అడిగితే, "అది ఇప్పుడు బడి సొత్తు, ఇంకోటి చేసుకో" అన్నారట. మొన్న నేను పనిలో ఉండగా ఆవిడ మామూలు గ్లాసులోనే టీ పోసుకున్నారు. కూత రాదని తెలిసీ, అలవాటుకొద్దీ దానికోసమే ఆగారు. మరిగిన టీ పొర్లి చెయ్యంతా కాలింది.

ఇంకోటి చెయ్యమంటే పిల్ల స్క్రూడ్రైవరు ముట్టుకోవడం లేదు. తనవల్లే కాలిందంటోంది. ఎవరివల్లో నేను చెప్పలేదు. ఇంకా మీ బడిలోనే చదవాలి కదా.

పిల్లకి చేసే సన్మానానికి నాయనమ్మని తీసుకురమ్మన్నారు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడితే ఫొటో బాగుంటుందన్నారు. తీసుకొస్తాను. ఫొటో అయ్యాకైనా గ్లాసు ఇప్పించండి.

చప్పట్లు మాత్రం కుదరవు. కుడిచేతికి కట్టు ఉంది.

మీ విద్యార్థిని తల్లి