డాక్టరమ్మ గొంతు

బాపూ, అన్నం పొయ్యి మీద ఉంది. అమ్మ పండుకుంది, లేపకు. నర్సమ్మ పక్కనే కూసుంది. ఫోన్ తీగ నేనే పీకిన, మళ్ల పెట్టకు.

పొద్దున నవ్వులాటకు ఎస్టీడీ బూతు నుంచి అమ్మకు ఫోన్ జేసి, డాక్టరమ్మ గొంతు పెట్టి, "రాఘవమ్మ గారూ, మీ రొమ్ము కాన్సర్ రిపోర్టొచ్చింది" అన్న. కోడికూత కూసి మూడూళ్ల కోళ్లను గూడ మోసం చేసిన గొంతు నాది. ఎప్పటిలెక్క "వీపు పగలగొడ్త" అంటదనుకున్న. ఫోన్ల ఎగపోత ఇనొచ్చింది. ఉరికొచ్చి చూస్తే ఫోన్ అమ్మ చేతుల్నే ఉంది, అమ్మ ఊపిరాడక, చెమటల తడిసి వణుకుతుంది. ఉరికి నర్సమ్మను పిలుసుకొచ్చిన బాపూ.

ఆపరేషనయి ఏడాదైనా మళ్ల జబ్బొస్తదన్న బుగులు అమ్మకు పోలేదట. అది గూడ జబ్బేనని నర్సమ్మ చెప్పింది. దానికి మందడగనీకి ఖమ్మం పోతున్న.

ప్రసూన

ఏడాది పరీక్షల అసలు రిపోర్టు దవాఖానల రేపు ఇస్తరట. నువ్వే తెచ్చి చెప్పు. మంచిగున్నదని నేను చెప్తే నమ్మదు.