ఉప్పలదిబ్బ రేవుకు పన్నెండు నెలల జెండా

ఉప్పలదిబ్బ,
18-9-1962.

కాలువ రేవుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, నెల్లూరు.

అయ్యా,

విషయం: ఉప్పలదిబ్బ రేవు బల్లకట్టును సీజనులోనే గాక సంవత్సరమంతా నడిపించుట గురించి.

ఉప్పలదిబ్బ కాపురస్థుడు, రిటైర్డు హైస్కూలు ఉపాధ్యాయుడు కొమ్మి పద్మనాభయ్య, బి.ఏ., వ్రాసుకొను అర్జీ.

1. మా ఊరికి తూర్పున సముద్రం, పడమట కాలువ. బస్సు, ఆసుపత్రి, తమ కార్యాలయం కాలువకు ఆవల ఉన్నవి. వేసవిలో గాలి మార్పు కోసం నెల్లూరు, మద్రాసుల నుంచి కుటుంబాలు వస్తాయి. వారితోపాటు కాంపౌండరు, వీధి దీపాలు, సోడా బండి, బల్లకట్టు వస్తాయి. వారితోనే పోతాయి. మేము పోము.

2. సీజనులో మా ఒడ్డున ఉన్న కొయ్యకు ఎర్ర జెండా ఎత్తితే, ఆవలి ఒడ్డు నుంచి రేవు కావలివాడు హజరత్తయ్య బల్లకట్టు తెస్తాడు. జూన్ ఆఖరున జెండాను సర్కారు సొత్తు కింద కార్యాలయానికి జమ చేస్తారు. బల్లకట్టును ఆవలి ఒడ్డున గొలుసు వేసి కట్టేస్తారు. హజరత్తయ్య మాత్రం అక్కడే ఉంటాడు. మిగతా నెలల్లో అతని ఉద్యోగం, బల్లకట్టును ఎవరూ వాడకుండా చూడటం.

3. నా భార్య రాఘవమ్మకు ఉబ్బసం. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పినందున ఆరేళ్ల కిందట ఇక్కడ కాపురం పెట్టాము. గాలి మంచిదే. ఆ విషయంలో ఫిర్యాదు లేదు.

4. నిరుడు కార్తీకమాసంలో ఒక ఉదయం ఆమెకు ఊపిరి అందలేదు. మంచం మీద రేవుకు మోసుకొచ్చాము. ఆ పూట వాన తెరిపిచ్చినా కాలువ నిండుగా పారుతున్నది. కొయ్యకు ఎత్తడానికి జెండా లేదు. ఆమె ఎర్ర చీర ఒకటి తెచ్చి కట్టాను. మా కేకలు ఎదురుగాలికి ఆవలికి చేరలేదు. ముసురు రోజులు గనుక జాలరులు వేట మాని, తెప్పలు విప్పి దుంగలు ఇళ్ల పంచన చేర్చి ఉన్నారు. చెంగయ్య అనే జాలరి ఆ దుంగలు మోసుకొచ్చి, మళ్లీ తెప్ప కట్టి, దాటి, హజరత్తయ్యను పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. బల్లకట్టు వచ్చింది. అప్పటికి దాని అవసరం లేకపోయింది.

హజరత్తయ్య చీరను పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. మూడో నాడు మా గడప ముందు నిలబడి చెప్పాడు: "సీజను కాదు గదా అయివారూ. ఎవురో చీర ఆరేసుకోనుండారనుకున్నా. పిలిచేదానికని తెలిసుంటే గొలుసు తెంచుకొనైనా వచ్చుందును."

అతని మీద చర్య తీసుకోవద్దని కోరుతున్నాను. ఆ నెలలో కొయ్య మీద ఎర్రగుడ్డ చూస్తే నేనూ అలాగే అనుకునేవాడిని.

5. డిసెంబరులో ఒక అర్జీ పెట్టుకున్నాను. "సీజను ప్రారంభమున పరిశీలించబడును" అని జవాబు వచ్చింది. సీజను వచ్చింది. బల్లకట్టు నడుస్తూనే ఉన్నది గనుక అర్జీకి కారణం లేదని తమ గుమాస్తా గారు సెలవిచ్చారు.

6. వేసవికి వచ్చిన వారికి ఆమె పోయిన సంగతి తెలియదు. "రాఘవమ్మగారు కనపడరేమండీ?" అని ఇంటింటివారూ అడిగారు. ఇంటింటికీ విడిగా చెప్పాను. మద్రాసు ఇందిరమ్మగారు ఏటా ఆమె కోసం తెచ్చే కాఫీపొడి ఈసారీ తెచ్చారు. ఈ అంశం తమ శాఖ పరిధిలోకి రాదు. కొట్టివేయబోయి ఉంచాను.

7. ప్రస్తుత అవసరం. టీ అంగడి మీరా మొహిద్దీన్ కోడలు దిల్షాద్‌కు నవంబరులో కాన్పు. తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నదని నర్సు చెప్పింది. ఆవలి ఒడ్డున వారికి బంధువులు లేరు. నొప్పులు రానిదే ఆసుపత్రిలో చేర్చుకోరు. అత్తగారు నాగూర్‌బీ నిన్న మా ఇంటికి వచ్చింది.

"అయివారూ, ఈసారి ఇంగ్లీషులో రాయి. ఆఫీసోళ్లకు భయముంటది."

"తెలుగులో రాసినా అర్థమవుతుందమ్మా."

"అర్థమయ్యేదయితే పోయినసారే అయ్యుండునే."

ఆమె మాట ఉన్నదున్నట్టు వ్రాశాను. దానికి జవాబు తమరు చెప్పగలరని ఈ అర్జీ.

కావున, జెండాను ఏడాది పొడుగునా మా రేవులోనే ఉంచవలెననీ, కొయ్య మీద ఏ నెలలో ఎర్రగుడ్డ కనిపించినా దానిని పిలుపుగానే ఎంచి బల్లకట్టు తేవలెనని కావలికి వ్రాతమూలకంగా ఉత్తరువు ఇయ్యవలెననీ ప్రార్థన. రెండూ కుదరకుంటే రెండోది. నవంబరుకు ముందుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొమ్మి పద్మనాభయ్య

తా.క. ఉత్తరువు లేకున్నా, ఆ చీర ఎత్తితే వస్తానని హజరత్తయ్య అంటున్నాడు. వస్తే అతని ఉద్యోగం పోతుంది. అయినా ఆవలికి కనిపిస్తుందో లేదోనని నిన్న సాయంత్రం ఎత్తి చూశాము. నిరుడు కట్టిన నాటి నుంచి ఈ ఏప్రిల్‌లో జెండా వచ్చేదాకా దానిని కొయ్య నుంచి విప్పడానికి నాకు చేతులు రాలేదు. ఉప్పుగాలికి రంగు వెలిసిపోయింది. ఆవలి ఒడ్డుకు తెల్లగా కనిపిస్తున్నదట. ఇంట్లో ఎర్రది ఇంకొకటే ఉన్నది, పెళ్లినాటిది. జెండా రాకుంటే అదే కడతాను. ఆ పని నాకు లేకుండా చేయగోరుతాను.